డిగ్రీ కామర్స్ పిల్లలు ప్రాజెక్టుకి వస్తామంటున్నారు, ఏ పని ఇవ్వాలి? (జీడి ఫ్యాక్టరీ, పలాస)

కాశీబుగ్గ_పిక్క | మార్చి 9, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మాది కాశీబుగ్గలో చిన్న జీడి ఫ్యాక్టరీ, నాన్నగారి కాలం నాటిది. సీజన్లో పిక్కలు (తొక్కతో ఉన్న జీడిగింజలు) కొని, ఏడాది పొడుగునా ఆడించి (ఉడికించి, కోసి, పప్పు తీసి), పప్పు డబ్బాలు బయటి రాష్ట్రాలకు పంపుతాం. ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) కొట్టడానికి ఒక గుమస్తా ఉన్నాడు. నెలనెలా జీఎస్టీ, ఏడాదికోసారి రిటర్ను ఆడిటర్ గారి ఆఫీసు చూసుకుంటుంది.

పోయిన వారం ఇక్కడి డిగ్రీ కాలేజీ నుంచి కామర్స్ లెక్చరర్ ఒకాయన వచ్చారు. వేసవిలో రెండు నెలలు బీకాం పిల్లల్ని ఇద్దర్ని తీసుకోమన్నారు. నాకు ఇష్టమే. కానీ వాళ్లకి ఏ పని చెప్పాలో తెలియడం లేదు. మన పుస్తకాలు బయటివాళ్ల చేతికి ఇవ్వొచ్చా? డబ్బులివ్వాలా? గుమస్తాకి ఇది నచ్చలేదు, ఆడిటర్ గారు కూడా 'మనకెందుకండీ' అన్నారు.

నా మనసులో ఒక ప్రశ్న మాత్రం చాలా ఏళ్లుగా ఉంది. మార్చి అయ్యాక లాభం ఇంత అని చెప్తారు. అది ఏ లాట్లో (ఒక విడతలో కొన్న సరుకులో) వచ్చింది, ఏ లాట్లో పోయింది అంటే ఎవరూ చెప్పలేరు. ఇలాంటిది పిల్లలతో తేలుతుందా?

ఓరుగల్లు_హార్డ్‌వేర్ | మార్చి 9, రాత్రి 11:15

అన్నా, మాది హన్మకొండల హార్డ్‌వేర్ దుకాణం. నా అనుభవం చెప్త, మీరే ఆలోచన చేసుకోండ్రి. రెండేండ్ల కింద ముగ్గురు పిల్లలు వచ్చిండ్రు. నాలుగు రోజులు కూసున్నరు, ఫోన్లు చూసుకున్నరు, మళ్ల రాలే. ఆఖరికి సర్టిఫికెట్ మీద ముద్ర కొట్టియ్యమని వచ్చిండ్రు. పని చెయ్యంది ఎట్ల కొట్టిస్త? కొట్టియ్యలే. బయట పైసలిస్తే అసొంటి సర్టిఫికెట్లు దొరుకుతున్నయని తర్వాత తెలిసింది. పిల్లల భవిష్యత్తుతోని గిట్ల ఆడుకుంటున్నరని చానా బాధైంది. మీరు తీసుకుంటే హాజరు పుస్తకం పెట్టుండ్రి, రాని రోజు రాలేదని రాయుండ్రి.

బీకాం_బ్యాచ్ | మార్చి 10, ఉదయం 7:20

హార్డ్‌వేర్ అన్నా, మీరు చెప్పింది కాదనను. అవతలి వైపు కూడా వినండి. నేను బీకాం కంప్యూటర్స్ చదివి ఇప్పుడు విజయవాడలో ఒక కంపెనీ అకౌంట్స్‌లో పనిచేస్తున్నాను. నా ఇంటర్న్‌షిప్‌లో నన్ను ఒక మూల కుర్చీలో కూర్చోబెట్టి, పాత వోచర్లు తేదీల వారీగా పేర్చి ఫైళ్లలో గుచ్చమన్నారు. రెండు నెలలూ అదే. ఒక్క వోచర్ చూపించి 'ఇది ఎందుకు ఇలా రాశామో తెలుసా' అని అడిగినవాళ్లు లేరు. ఇంటి నుంచి ఆ ఆఫీసుకి రెండు బస్సులు మారాలి. చార్జీలు కూడా ఇవ్వలేదు. నాతో వచ్చినవాడు రెండో వారంలో మానేశాడు. వాడిని నేను తప్పు పట్టలేను.

మీ దుకాణంలో ఆ ముగ్గురికి మొదటి రోజు ఏ పని అప్పజెప్పారో చెప్పండన్నా. తగువు కోసం కాదు, తెలుసుకోవాలనే అడుగుతున్నా.

ఓరుగల్లు_హార్డ్‌వేర్ | మార్చి 10, ఉదయం 9:05

కూసుండి చూడుండ్రి అన్నం తమ్మీ. మాకు గిరాకీ టైమ్. ఎవలికీ తీరిక లేకుండె. నువ్వన్నది సూటిగనే ఉన్నది.

కామర్స్_మేడం | మార్చి 10, మధ్యాహ్నం 1:30

నేను గోదావరి జిల్లాల్లో ఒక డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతాను. పద్ధతి తెలియనివారి కోసం: ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి చేరిన డిగ్రీ విద్యార్థులకు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి, అంతా కలిపి పది నెలలు. మొదటి ఏడాది అయ్యాక వేసవిలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది అయ్యాక వేసవిలో రెండు నెలల ఇంటర్న్‌షిప్, మూడో ఏడాదిలో ఒక సెమిస్టర్ మొత్తం. మీ దగ్గరికి వస్తామన్నది రెండో రకం పిల్లలు.

ఆలోచన మంచిదే. చిక్కంతా అమల్లో ఉంది. ఒక్కో లెక్చరర్ కింద బోలెడుమంది పిల్లలు, వాళ్లు పది ఊళ్లలో ఉంటారు. మేము వెళ్లి చూసేది ఒకసారో రెండుసార్లో. అంచేత చెప్పే పెద్దమనిషి లోపలే ఉండాలి. మీరు గానీ మీ గుమస్తా గారు గానీ రోజూ సాయంత్రం ఓ పావుగంట వాళ్ల లాగ్‌బుక్ చూసి సంతకం పెట్టగలిగితేనే తీసుకోండి. అది కుదరకపోతే మొహమాటపడకుండా కాలేజీ వాళ్లకి కాదని చెప్పేయండి, వాళ్లు ఇంకోచోటు చూసుకుంటారు.

ఇంకో మాట. 'అకౌంట్స్ నేర్పిస్తాం' అని తీసుకోకండి. ఒకే ఒక్క ప్రశ్న ఇవ్వండి. 'ఏ లాట్లో ఎంత మిగిలింది' అని మీరు రాశారు చూశారా, నేను ఇరవై ఏళ్లుగా కాస్ట్ అకౌంటింగ్‌లో (తయారీ ఖర్చు లెక్కగట్టే సబ్జెక్టులో) నల్లబల్ల మీద చెబుతున్న పాఠం అదే. దాని గురించి విడిగా రాస్తాను, క్లాసుకి టైమైంది.

ఆడిటర్_విశాఖ | మార్చి 10, రాత్రి 8:50

నేను ప్రాక్టీసులో ఉన్న సీఏని. మీ ఆడిటర్ ఎందుకు వద్దన్నారో ఊహించగలను. తప్పు జరిగితే నోటీసు వచ్చేది మీకు, సమాధానం రాయాల్సింది ఆయన. అయినా గీత ఎక్కడ గీయాలో తెలిస్తే భయం అక్కర్లేదు.

పిల్లల చేతికి ఇవ్వకూడనివి ముందు. జీఎస్టీ పోర్టల్ పాస్‌వర్డు ఇవ్వొద్దు. డిజిటల్ సంతకం పెన్‌డ్రైవ్ బీరువాలోనే ఉండాలి. బ్యాంకు లాగిన్ సంగతి చెప్పక్కర్లేదు. కూలీల ఆధార్, ఖాతా నంబర్లు ఉన్న షీట్లు చూపించొద్దు. వాళ్లకి కూలి మొత్తం చాలు, పేర్లెందుకు? ట్యాలీలో అసలు కంపెనీ తెరిచి ఇవ్వకండి. బ్యాకప్ తీసి వేరే కంప్యూటర్లో వేసి ఇవ్వండి. అందులో ఏం మార్చినా మీ పుస్తకాలకి ఏమీ కాదు.

చేయించదగ్గవి కూడా ఉన్నాయి. ప్రతి నెలా 14న పోర్టల్లో జీఎస్టీఆర్-2బి, అంటే మీకు అమ్మినవాళ్లు తమ రిటర్నుల్లో చూపించిన బిల్లుల జాబితా, వస్తుంది. దాన్ని ఎక్సెల్‌గా దించి ఇస్తే చాలు, పాస్‌వర్డుతో పనిలేదు. డబ్బాలు, అట్టపెట్టెలు, మెషిన్ స్పేర్లు, రవాణా బిల్లులు మీ పుస్తకంలో ఉండి అందులో లేనివి ఏవో పిల్లలు పట్టగలరు. సరఫరాదారు రిటర్నులో చూపించకపోతే మీకు క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుకి మినహాయింపు) రాదు. ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 దాటినా, వార్షిక రిటర్ను అంతకన్నా ముందే వేసేసినా, ఆ క్రెడిట్ పోయినట్టే.

మీ వ్యాపారంలో ఇంకొకటి ప్రత్యేకం. రైతు దగ్గర నేరుగా కొన్న పచ్చి పిక్కకి రివర్స్ చార్జి ఉంది, అంటే అమ్మినవాళ్ల బదులు కొన్నవాళ్లే పన్ను కట్టాలి. 5 శాతం పన్ను మీరే నగదు లెడ్జర్ (పోర్టల్లోని నగదు ఖాతా) నుంచి కట్టి, ఆ తర్వాత క్రెడిట్ తీసుకోవాలి. 2024 నవంబరు నుంచి సెల్ఫ్ ఇన్వాయిస్ (రైతు బదులు మీరే రాసుకునే బిల్లు) 30 రోజుల్లో రాయాలని గడువు కూడా పెట్టారు. ఏప్రిల్, మే నెలల్లో రోజుకి ఎంతమంది రైతులు కాటా దగ్గర నిలబడతారో మీకు తెలుసు. ఆ చీటీలన్నిటికీ సెల్ఫ్ ఇన్వాయిస్ ఉందా లేదా అని ఒక్కొక్కటే సరిచూడటం మంచి అభ్యాసం. చూడటం వరకే సుమా. రిటర్ను వేయడం, పోర్టల్లో కొట్టడం మాత్రం మీ ఆడిటర్ ఆఫీసుదే.

చివరగా కాస్త కఠినమైన మాట. పక్కన చిత్తు పుస్తకం పెట్టుకుని నడిచే వ్యాపారాలు ఉన్నాయి, అందరికీ తెలిసిందే. మీది అని అనడం లేదు. అలాంటి చోటికి మాత్రం పిల్లల్ని పిలవకూడదు. ఇరవై ఏళ్ల పిల్లకి మొదటి ఉద్యోగంలోనే ఒక అంకె ఇక్కడ, ఇంకో అంకె అక్కడ రాయాలని నేర్పితే, తర్వాత ఎన్ని పరీక్షలు పాసైనా ఆ చెయ్యి మారదు. నా ఆఫీసుకి ఆర్టికల్స్‌కి (సీఏ శిక్షణకి) వచ్చేవాళ్లలో ఆ అలవాటు చూసి చెబుతున్నాను.

కాశీబుగ్గ_పిక్క | మార్చి 11, ఉదయం 6:10

సార్, మాకు ఒకటే పుస్తకం. పాస్‌వర్డు సంగతి చెప్పి మంచి పని చేశారు. మావాడు అది గోడ మీద క్యాలెండర్ వెనకాల రాసి పెట్టాడు, ఇవాళే మార్పిస్తాను.

మేడం గారు, మీ పాఠం కోసం ఎదురుచూస్తున్నా. నా గొడవ ఇది. సీజన్లో వచ్చిన పిక్క పచ్చిగా ఉంటుంది. కళ్లంలో రెండు మూడు రోజులు ఎండబెట్టి గోదాములో వేస్తాం. 80 కిలోల బస్తా అని కొన్నది ఎండాక 80 ఉండదు. పుస్తకంలో మాత్రం కొన్న తూకమే నిలబడి ఉంటుంది. ఏడాది చివర సరుకు తక్కువ కనిపిస్తుంది. అది తరుగా, ఎవరైనా పట్టుకెళ్లారా, కాటాలోనే తేడానా? ఏటా అంతా తరుగులో రాసేసి మూసేస్తున్నాం. ఒక్కోసారి కాపలా మనిషిని అనుమానంగా చూడాల్సి వస్తుంది. అది నాకు నచ్చదు.

కామర్స్_మేడం | మార్చి 11, రాత్రి 9:40

సార్, మీ ఫ్యాక్టరీ ఒక పాఠ్యపుస్తకం. నిజంగా.

ఒక పిక్క లోపలికి వెళ్తుంది. బయటికి గుండు (విరగని పప్పు), బద్ద (సగం పప్పు), ముక్క వస్తాయి. గుండులో మళ్లీ సైజుని బట్టి డబ్ల్యూ 180, 210, 240, 320 అని గ్రేడులు. తొక్క వేరే అమ్ముతారు, దాని నుంచి నూనె తీస్తారు. కూలి, పిక్క ధర, బోర్మా (పప్పుని వేడితో ఆరబెట్టే పొయ్యి) ఖర్చు అన్నీ కలిపే పెట్టారు. పప్పు విడిపోయేదాకా ఏ రూపాయి ఏ గ్రేడుదో చెప్పలేం. దీన్నే మేము సంయుక్త ఉత్పత్తుల కాస్టింగ్ అంటాం. పరీక్షలో ఎప్పుడూ పెట్రోలు, కిరోసిను ఉదాహరణలే. రిఫైనరీ ఎప్పుడూ చూడని పిల్లలు ఆ లెక్క బట్టీపడతారు. జీడి ఫ్యాక్టరీ చుట్టూ పుట్టి పెరిగిన పలాస పిల్లలకి ఈ ఉదాహరణ ఎవరూ చెప్పరు.

ఊరికే వేసిన అంకెలతో చూద్దాం, మార్కెట్ ధరలని అనుకోకండి. ఒక బస్తాకి 20 కిలోల పప్పు వచ్చిందనుకోండి: గుండు 12, బద్ద 5, ముక్క 3. బస్తా మీద మొత్తం ఖర్చు రూ.13,000. తూకం ప్రకారం పంచితే కిలో రూ.650 పడుతుంది. గుండు రూ.800కి, బద్ద రూ.700కి, ముక్క రూ.550కి అమ్మితే, గుండు మీద కిలోకి రూ.150 లాభం, ముక్క మీద రూ.100 నష్టం. అయ్యో, ముక్క అమ్మడం దండగ అనిపిస్తుంది. అదే అమ్మకం విలువ ప్రకారం పంచితే ముక్క ఖరీదు కిలోకి దాదాపు రూ.485కి దిగుతుంది, అన్నిట్లోనూ ఒకే శాతం లాభం కనిపిస్తుంది. బస్తా మొత్తం మీద లాభం రెండు లెక్కల్లోనూ రూ.1,750. మారలేదు.

ఆడిటర్_విశాఖ | మార్చి 11, రాత్రి 10:25

మేడం గారు చక్కగా చెప్పారు. వ్యాపారికి ఇక్కడ ఒక హెచ్చరిక. ఆ రెండు పద్ధతులూ సరుకు నిల్వకి విలువ కట్టడానికి. 'ముక్క ఆపేద్దామా' అన్న నిర్ణయానికి రెండూ పనికిరావు. ముక్క దానంతట అదే వస్తుంది, ఆపలేరు. మీ చేతిలో ఉన్నవి రెండే: ఈ లాట్ ఈ ధరకి కొనాలా వద్దా, కొన్నదాంట్లో గుండు శాతం ఎలా పెంచాలి. పై అంకెల్లోనే చూడండి, ఒక కిలో గుండు విరిగి ముక్క అయితే రూ.250 పోయినట్టు. పిల్లలు పట్టుకోవాల్సింది ఆ అంకెని.

రిటైర్డ్_బ్యాంకర్ | మార్చి 12, ఉదయం 11:00

జీడి యూనిట్లకి అప్పులిచ్చిన అనుభవంతో ఒక మాట. అందరూ వదిలేసే ఖర్చు వడ్డీ.

మీరు పిక్క కొనేది మూడు నెలల్లో, ఆడించేది పన్నెండు నెలలు. సీసీ (క్యాష్ క్రెడిట్, వ్యాపార అప్పు) ఖాతాలో డబ్బు తీసి బస్తాలుగా గోదాములో పెట్టారు. బస్తా రూ.12,000 అనుకుందాం, వడ్డీ ఏడాదికి 10 శాతం అనుకుందాం. నెలకి రూ.100. ఆరు నెలలు ఉంచితే రూ.600. ఇరవై కిలోల పప్పు మీద పంచితే కిలోకి రూ.30. నవంబరులో ఆడించిన డబ్బాకీ మేలో ఆడించిన డబ్బాకీ ఒకే ధర చెబితే ఈ ముప్పై ఎక్కడి నుంచి వస్తుంది? చాలామంది ఓనర్లు వడ్డీని 'బ్యాంకు ఖర్చు' అని వేరే పెట్టెలో పడేస్తారు. డబ్బా ధరలో కలపరు.

రెండోది స్టాక్ స్టేట్‌మెంట్, అంటే నిల్వ సరుకు లెక్క. నెలనెలా బ్యాంకుకి ఇస్తారు కదా, అందులో తరుగు చూపిస్తున్నారా? డ్రాయింగ్ పవర్ (మీరు వాడుకోగల అప్పు పరిమితి) ఆ అంకె మీదే కడతారు, సరుకు మీద సాధారణంగా 25 శాతం మార్జిన్ తీసేసి. పచ్చి తూకంతో స్టేట్‌మెంట్ ఇచ్చి, తనిఖీకి వచ్చినప్పుడు ఎండిన సరుకు కనిపిస్తే ఇబ్బంది మీకే. పిల్లల చేత లాట్ల వారీగా తూకం వేయిస్తే ఈ పనీ తీరుతుంది.

కొత్త మెషిన్ ఆలోచన ఉంటే, చిన్న ఆహార శుద్ధి యూనిట్లకి కేంద్రం పీఎంఎఫ్ఎంఈ పథకంలో ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా రూ.10 లక్షలు సబ్సిడీ పెట్టింది, ఇప్పుడు ఉందో లేదో కనుక్కోండి. దానికి కావాల్సిన ప్రాజెక్టు రిపోర్టు చిత్తుప్రతి ఫైనాన్స్ పిల్లలు రాయగలరు. ఏజెంటుకి డబ్బు పోసి రాయించుకున్న రిపోర్టులు నా బల్ల మీదికి చాలా వచ్చేవి. ఊరు పేరు మారేది, మిగతాదంతా ఒకటే.

డాలస్_లెక్కలు | మార్చి 12, రాత్రి 9:30

మాది టెక్కలి వైపు. అమెరికాలో అకౌంటింగ్ మాస్టర్స్ చేసి ఇక్కడే పనిచేస్తున్నాను. పలాస పేరు చూసి ఆగలేకపోయాను.

చదివేటప్పుడు వీటాలో పనిచేశాను. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి పన్ను రిటర్నులు ఉచితంగా వేసిపెట్టే కార్యక్రమం, ఇక్కడి పన్నుల శాఖ ఐఆర్ఎస్ నడుపుతుంది, 1969 ప్రాంతం నుంచీ ఉంది. చాలా యూనివర్సిటీల్లో అకౌంటింగ్ విద్యార్థులే వాలంటీర్లు. ముందు పరీక్ష పాసవ్వాలి. వచ్చినవాళ్లని కూర్చోబెట్టి ఒక పత్రం ప్రకారం ప్రశ్నలు అడగాలి. రిటర్ను ఒకరు తయారుచేస్తే ఇంకొకరు మొత్తం సరిచూడాలి. రెండో మనిషి చూడకుండా ఏ కాగితమూ బయటికి వెళ్లదు. మాస్టర్స్ పుస్తకాలకన్నా ఆ నియమమే నాకు ఎక్కువ నేర్పింది. మీ ఇద్దరు పిల్లలకీ అదే పెట్టండి: ఒకరు రాసిన తూకం రెండోవారు సరిచూసి పొట్టి సంతకం పెట్టాలి.

రెండో సంగతి. ఇక్కడ చిన్న వ్యాపారాలతో క్లాసు ప్రాజెక్టులు చేసినప్పుడు ప్రొఫెసర్ మొదటి వారంలోనే ఒక పేజీ ఉత్తరం రాయించేవారు. ఏ ప్రశ్నకి సమాధానం వెతుకుతున్నాం, ఏ కాగితాలు చూస్తాం, ఏవి చూడం, ఎప్పటికి ఏమి ఇస్తాం, చూసింది బయట చెప్పం. ఓనరు, ప్రొఫెసరు, విద్యార్థులు ముగ్గురూ సంతకం పెడతారు. ఎంత సాదాగా ఉంటే అంత మంచిది. తెలుగులోనే రాసుకోండి.

వేసవి_ఇంటర్న్ | మార్చి 13, రాత్రి 8:15

నమస్కారం. నేను బీకాం రెండో సంవత్సరం, మాది పలాస దగ్గర పల్లె. పెద్దలందరూ రాస్తున్నారు, నేను రాయొచ్చో లేదో అనుకుంటూనే రాస్తున్నాను. మా అమ్మ జీడి ఫ్యాక్టరీలో పొట్టు తీసే పనికి వెళ్తుంది.

ఆడిటర్ సార్ గుండు విరిగితే కిలోకి 250 పోతుందన్నారు. ఆ లెక్క చూసి ఓనర్లు ముందు అనేది 'ఆడోళ్లు సరిగ్గా చేయడం లేదు' అనే. అమ్మ చెప్పేది వేరు. పప్పు బోర్మాలో ఎక్కువసేపు ఉంటే పొట్టు చేతిలో ఇట్టే రాలుతుంది, కానీ పప్పు పెళుసెక్కి గుండు రెండు బద్దలైపోతుంది. తక్కువ ఉంటే పొట్టు అంటుకుపోతుంది, కత్తితో గీకాలి, అప్పుడూ విరుగుతుంది. పిక్క ఉడకడంలో తేడా వచ్చినా కటింగ్ దగ్గరే చితుకుతుంది. పొద్దున్న బుట్ట చేతికి రాగానే ఇవాళ ఎంత ముక్క వస్తుందో అమ్మకి తెలిసిపోతుంది. కూలి కిలో లెక్క కాబట్టి పాడైన బుట్ట వచ్చిన రోజు అమ్మకీ తక్కువే వస్తుంది.

అంచేత సార్, ప్రాజెక్టు చేయిస్తే బోర్మా టైము, వేడి కూడా రాయించండి. కూలి తగ్గించడానికి మాత్రం ఆ లెక్క వాడొద్దు. అలా వాడతారని తెలిస్తే మాలాంటివాళ్లం రాసే అంకెలు నిజం ఉండవు.

రెండోది, అమ్మాయిల్ని తీసుకుంటే ఇద్దర్ని కలిపి తీసుకోండి. చీకటిపడక ముందే పంపించేయండి. ఇంట్లో ఒప్పుకునేది దాన్నిబట్టే.

కామర్స్_మేడం | మార్చి 13, రాత్రి 8:40

తల్లీ, నువ్వు రాసింది మా డిపార్ట్‌మెంట్‌లో అందరికీ చదివి వినిపిస్తాను. అసాధారణ నష్టం, సాధారణ నష్టం అని రెండు మాటలతో మేము దాటేసే చోట అసలు కారణం ఉంది.

కాశీబుగ్గ_పిక్క | మార్చి 13, రాత్రి 9:55

అమ్మా, మాట ఇస్తున్నాను. ఈ లెక్క చూపించి ఎవరి కూలీ ఒక్క పైసా తగ్గించను. ఆ మాట డాలస్ తమ్ముడు చెప్పిన ఉత్తరంలో కూడా రాయిస్తాను. బోర్మా దగ్గర గడియారం పెట్టించాలని నాకు ఇంతవరకు తట్టలేదు.

ఇక డబ్బుల సంగతి చెప్పండి. ఎంత ఇవ్వాలి?

ఓరుగల్లు_హార్డ్‌వేర్ | మార్చి 14, ఉదయం 8:00

నా ఉద్దేశంల మొదలు పైసలియ్యొద్దన్నా. నేర్సుకోనీకి వచ్చినోళ్లు. చార్జీలు, మధ్యాహ్నం అన్నం చాలు. పని మంచిగ చేస్తే ఆఖర్న ఇయ్యుండ్రి.

బీకాం_బ్యాచ్ | మార్చి 14, ఉదయం 8:45

అన్నా, దీనికి నేను ఒప్పుకోను. ఆఖర్న ఇస్తాం అంటే, ఇంట్లో డబ్బున్న పిల్లలే రాగలరు. వేసవిలో చాలామంది ఏదో ఒక పనికి వెళ్లి ఫీజు కూడబెట్టుకుంటారు. వాళ్లు రెండు నెలలు మీ దగ్గర కూర్చుంటే ఆ డబ్బు పోయినట్టే. నెలనెలా ఎంతో కొంత ఇవ్వాలి, ఎంతన్నది ముందే చెప్పాలి.

ఆడిటర్_విశాఖ | మార్చి 14, ఉదయం 10:10

ఇద్దరి మధ్యా ఒక సమాచారం. డిగ్రీ పూర్తయ్యాక ఎవరినైనా ఏడాది పాటు అప్రెంటిస్‌గా తీసుకుంటే, కేంద్రం నాట్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ) పథకంలో కనీస స్టైపెండ్‌లో సగం భరిస్తుంది. ముప్పై మంది, అంతకు పైన పనిచేసే సంస్థలకి అప్రెంటిస్‌లు తప్పనిసరి. నలుగురి నుంచి ఇరవై తొమ్మిది మంది దాకా ఉన్నచోట ఇష్టం. వేసవి ఇంటర్న్‌షిప్‌కి అది వర్తించదు, దానికి మీ మనసే చట్టం. నా సలహా, నెలకి ఒక మొత్తం అనుకుని బ్యాంకు ఖాతాలో వేయండి. చేతికివ్వకండి. పుస్తకంలో స్టైపెండ్ అని ఉంటుంది, ఆ పిల్లకి కూడా తన పేరున మొదటి జమ కనిపిస్తుంది.

మధ్యలో ఇంకొకటి గుర్తొచ్చింది. మీది తయారీ యూనిట్, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న, మధ్యతరహా సంస్థలకి కేంద్రం ఇచ్చే నమోదు) ఉందనుకుంటాను. రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులోని గడువులో, గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో కొన్నవాళ్లు మీకు డబ్బు కట్టాలి. దాటితే బ్యాంకు రేటుకి మూడు రెట్లు వడ్డీ అని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టంలోనే ఉంది. 2024 మార్చితో ముగిసిన ఆర్థిక సంవత్సరం నుంచి, గడువు దాటిన బాకీని కొన్నవాళ్లు ఆదాయపన్ను లెక్కలో ఆ ఏడాది ఖర్చు కింద చూపించుకోలేరు, కట్టిన ఏడాదే చూపాలి. బిల్లు మీద ఉద్యమ్ నంబరు అచ్చు వేశారా? లేకపోతే వేయించండి. పిల్లల చేత మీకు రావాల్సిన పాత బాకీల జాబితా రోజుల వారీగా కట్టించండి. 15 లోపు, 45 లోపు, 90 దాటినవి. రెండు రోజుల పని. చాలామందికి ఆ కాగితం చూశాకే ఫోన్ ఎవరికి చేయాలో తెలుస్తుంది.

కాశీబుగ్గ_పిక్క | మే 18, రాత్రి 10:20

చాలా రోజులైంది. మే మొదటి వారం నుంచి ఇద్దరు అమ్మాయిలు వస్తున్నారు. ఉత్తరం ఒక పేజీలో తెలుగులో రాసుకున్నాం, లెక్చరర్ గారూ సంతకం పెట్టారు. ప్రశ్న ఒకటే: 'మూడు లాట్లు కొన్న రోజు నుంచి డబ్బా మూత పడేదాకా వెంట నడిచి, కిలో పప్పు ఎంత పడిందో చెప్పాలి.'

గుమస్తా మొదటి వారం మాట్లాడలేదు. తర్వాత వాళ్లు ప్రతి బస్తాకీ రంగు దారం కట్టి లాట్ గుర్తు పెట్టడం చూసి, ఆయనే కాటా దగ్గర చీటీ పుస్తకం తెచ్చిచ్చాడు. కళ్లంలో వేసేముందు ఒక తూకం, ఎత్తేముందు ఒక తూకం. ఒకమ్మాయి పలక మీద రాస్తుంది, రెండో అమ్మాయి కాటా ముల్లు చూసి పైకి చదువుతుంది. తర్వాత మార్చుకుంటారు. మధ్యాహ్నం ఎండకి పదకొండు దాటాక కళ్లంలోకి వెళ్లనివ్వడం లేదు, అప్పుడు లోపల లెక్కలు.

కామర్స్_మేడం | మే 19, ఉదయం 7:00

రంగు దారం! మా పుస్తకంలో బ్యాచ్ కాస్టింగ్ (లాట్ల వారీ ఖర్చు లెక్క) అని నాలుగు పేజీలుంది, దారం సంగతి ఎక్కడా లేదు. పాఠంలో చేరుస్తాను.

కాశీబుగ్గ_పిక్క | జూలై 6, రాత్రి 9:00

పూర్తయింది. తేలినవి రాస్తాను, అంకెలు వ్యాపార రహస్యం కాబట్టి అన్నీ చెప్పను.

నేను అన్నిటికన్నా చవగ్గా కొన్నాననుకున్న లాట్, కిలో పప్పు దగ్గరికి వచ్చేసరికి మూడింట్లోకీ ఖరీదైంది. పచ్చి ఎక్కువ, ఎండాక బాగా తగ్గింది, పైగా గింజ చిన్నది, గుండు తక్కువ. నాకు బాగా కావలసిన ఒక ఏజెంటు ద్వారా వచ్చిన సరుకది. వచ్చే సీజన్లో ధర మాట్లాడేముందు నమూనా కోసి చూసి, ఎండబెట్టిన తూకం మీద మాట్లాడతానని ఆయనకి చెప్పేశాను.

తరుగు మూడు లాట్లలోనూ మూడు రకాలుగా ఉంది. ఇన్నాళ్లూ ఒకే శాతం రాస్తున్నాం. వాళ్లు చూసిన లాట్లలో ఎండకి తగ్గినదే తప్ప మనుషులు పట్టుకెళ్లింది లేదు. కాపలా మనిషిని పిలిచి ఆ కాగితం చూపించి చెప్పాను. ఆయనకి చదువు రాదు, అయినా కాగితం తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

బోర్మా గురించి ఆ అమ్మాయి రాసింది అక్షరాలా నిజం. పొద్దున షిఫ్టులో దించిన పప్పుకీ సాయంత్రం దించిన పప్పుకీ ముక్క శాతంలో తేడా ఉంది. సాయంత్రం దించేవాడు ఇంటికెళ్లే తొందరలో ఆలస్యంగానో ముందుగానో దించేస్తున్నాడు. ఇప్పుడు గడియారం, పక్కనే పలక ఉన్నాయి. పొట్టు తీసేవాళ్ల ప్రమేయం అందులో లేదు.

వడ్డీ కలిపి నెలవారీ డబ్బా ధర పట్టిక ఒకటి చేసిచ్చారు. బ్యాంకర్ గారూ, మీకు నమస్కారం. అక్టోబరు నుంచి ధర మారుస్తాను.

వాళ్లు చేయలేకపోయింది కూడా చెప్పాలి. సెల్ఫ్ ఇన్వాయిస్‌ల పని సగంలో ఆగిపోయింది. తూకాలకే సమయమంతా పట్టింది. బాకీల పట్టిక కట్టారు గానీ ఒక పాత పార్టీ ఖాతాలో పాత జమలు ఏ బిల్లుకి చెందినవో తేలలేదు. అది గుమస్తా, నేనూ కూర్చుని తేల్చాలి.

రిటైర్డ్_బ్యాంకర్ | జూలై 7, ఉదయం 6:45

తరుగు సరిచేశాక స్టాక్ స్టేట్‌మెంట్ కూడా ఈ నెల నుంచే మార్చండి. బ్రాంచికి వెళ్లి ఎందుకు మారిందో ముందే చెప్పండి. ఆ పట్టిక జిరాక్స్ తీసుకెళ్లండి.

ఓరుగల్లు_హార్డ్‌వేర్ | జూలై 7, ఉదయం 9:30

అన్నా, మస్తు సంతోషమైంది. నేను గూడ ఈసారి అడుగుదామనుకుంటున్న. నాకున్న సమస్య కదలని సరుకు. ఏండ్ల సంది గోడౌన్ల పడున్న కుళాయిలు, పాత డిజైన్ టైల్స్ ఎన్ని పైసలు పట్టుకొని కూసున్నయో తెల్వది. గిది ప్రాజెక్టు అయితదా?

కామర్స్_మేడం | జూలై 7, మధ్యాహ్నం 1:15

భేషుగ్గా అవుతుంది. ప్రశ్న ఇలా పెట్టండి: 'ఏడాదిగా ఒక్కటి కూడా అమ్ముడుపోని సరుకు ఏది, కొన్న ధరకి ఎంత, ఇవాళ ఎంతకి పోతుంది?' సరుకు లెక్కపెట్టడానికి మీ మనిషి ఒకరు పక్కన ఉండాలి. మీకు దగ్గర్లోని కాలేజీ కామర్స్ విభాగానికి సెమిస్టర్ మొదలయ్యేముందే ఉత్తరం ఇవ్వండి, సర్టిఫికెట్ ఫారం చివర్లో మాట్లాడుకోవచ్చు.

వేసవి_ఇంటర్న్ | జూలై 7, రాత్రి 8:30

సార్, ఆ ఇద్దరిలో ఒకదాన్ని నేనే. మా లెక్చరర్ గారు మీ ఫ్యాక్టరీ పేరు చెప్పాక గానీ ఇది మీరేనని నాకు తెలియలేదు, చెప్పడానికి సంకోచించాను. వైవా బాగా జరిగింది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ సార్ తూకం పుస్తకం తిప్పుతూ, కొట్టివేతల పక్కన రెండేసి సంతకాలు ఎందుకున్నాయని అడిగారు, చెప్పాం. సెల్ఫ్ ఇన్వాయిస్‌ల చీటీలు మే 23 దాకా చూసి ఆపాం, మిగిలినవి నీలం ఫైలులో తేదీల వారీగా ఉన్నాయి. ఆదివారాలు వచ్చి పూర్తిచేస్తాం, మీ ఆడిటర్ గారి ఆఫీసు నుంచి ఒకరు సరిచూస్తే చాలు.

కాశీబుగ్గ_పిక్క | జూలై 7, రాత్రి 9:10

నువ్వేనా తల్లీ! ఆదివారాలు వద్దు, సెలవు రోజు సెలవే. శనివారం మధ్యాహ్నం కాలేజీ అయ్యాక ఇద్దరూ రండి. స్టైపెండ్ పాత లెక్కనే వేస్తాను. ఆడిటర్ గారి ఆఫీసుకి ఫోన్ చేశాను, వాళ్ల అబ్బాయిని పంపిస్తామన్నారు.